వెల్ల కింద పెన్సిల్ రాతలు

మా పాత థియేటర్‌లో స్టేజీకి ఎడమ పక్కన ఒక గోడ ఉంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు అది కనిపించదు. పైన వేలాడే తెరల తాళ్ళన్నీ చివరికి వచ్చి చేరేది ఆ గోడ దగ్గరికే. నడుమెత్తులో అడ్డంగా ఒక లావుపాటి దూలం, దానికి వరసగా చెక్క మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో తాడు. ఆ దూలానికి పైన, నిలబడ్డ మనిషి కళ్ళెదుట, గోడంతా పెన్సిల్ రాతలు. ఏ తెర ఎంతవరకు దించాలో, ఏ తాడు ఎప్పుడు వదలాలో అక్కడ పనిచేసినవాళ్ళు తమ కోసం తాము రాసుకున్నవి.

"అడవి, రెండో ముడి దాకా." "కోట, మెల్లగా." "వానపడ్డ రోజు తాడు బిగుస్తుంది, జానెడు వదులు పెట్టు."

ఆ మూడో వాక్యం మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నారతాడు తడిస్తే ఉబ్బి, పొడవు తగ్గుతుంది. గాలిలో తేమ పెరిగినా కొంత అంతే. నిన్న సరిగ్గా నేలను తాకిన తెర ఈరోజు జానెడు పైనే ఆగిపోతుంది, వెనక తిరిగేవాళ్ళ పాదాలు జనానికి కనిపిస్తాయి. ఎవరో ఒక సాయంత్రం అలా ఇబ్బంది పడి, తర్వాత వచ్చేవాడికి ఆ తిప్పలు ఉండకూడదని రాసిన మాట అది.

ఆ గోడలో సగానికి మేమే వెల్ల వేసేశాం.

థియేటర్‌ను బాగుచేయడానికి కమిటీ ఏర్పడినప్పుడు నాకు అప్పగించిన పని రికార్డు రాయడం. ఫొటోలు తీయడం, కొలతలు రాయడం, ప్రతి వస్తువుకూ నంబరు కట్టడం. పని మొదలైన మూడో నెలలో పెద్దవాళ్ళెవరో చూడటానికి వస్తున్నారని ఒకరోజు అందరూ కలిసి శుభ్రం చేశారు. ఆరోజు నేను ఊళ్ళో లేను. మంచి మనసుతో వచ్చిన కుర్రాళ్ళే, పొద్దున్నుంచీ బూజు దులిపి, చెత్త మోసి, మిగిలిన సున్నంతో "మురికిగా ఉన్న" ఆ గోడకు కూడా రెండు చేతులు వేశారు. మధ్యాహ్నానికి సున్నం అయిపోయింది కాబట్టి సగం మిగిలింది.

వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. నా కెమెరా తిరగేస్తే హాలు పైకప్పు నగిషీల ఫొటోలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఈ గోడది ఒక్కటి కూడా లేదు. నేను చదివాను, మురిసిపోయాను, రేపు తీద్దాంలే అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎవరైనా పాత థియేటర్ బాగుచేస్తున్నాం అని ఫోన్ చేస్తే ఇప్పుడు నేను మొదట చెప్పేది ఇదే. చీపురు కంటే ముందు కెమెరా పట్టుకెళ్ళండి. వెనిస్‌లో లా ఫెనీచే ఒపెరా హౌస్ 1996 జనవరి 29 రాత్రి మంటల్లో కాలిపోయింది. చుట్టుపక్కల కాలువల్లో పూడిక తీయడానికి నీళ్ళు తోడేసి ఉన్నారు, మంటలార్పే పడవలు దగ్గరికి రాలేకపోయాయి. బయటి గోడలు తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. "ఎలా ఉండేదో అలాగే, ఎక్కడ ఉండేదో అక్కడే" కట్టాలని నిర్ణయించుకుని 2003 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. లోపలి అలంకారం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి పాత ఫొటోలతో పాటు, 1954లో విడుదలైన ఒక సినిమా కోసం అదే హాల్లో తీసిన మొదటి దృశ్యాలు కూడా పనికొచ్చాయి. కథ కోసం ఎవరో తిప్పిన కెమెరా యాభై ఏళ్ళకు ఒక భవనానికి సాక్ష్యం చెప్పింది. మా గోడకు అలాంటి సాక్ష్యం లేకుండా చేసింది నేనే.

ఇంకో ఉదాహరణ దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. స్వీడన్‌లో డ్రాట్నింగ్‌హోమ్ రాజభవనం పక్కన 1766లో కట్టిన థియేటర్ ఉంది. రాజు మూడో గుస్తావ్ 1792లో హత్యకు గురయ్యాక అక్కడ ప్రదర్శనలు ఆగిపోయాయి. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, సామాన్లు పెట్టుకోవడానికి వాడుకున్నారు. 1921లో ఆగ్నె బేయర్ అనే పరిశోధకుడు లోపలికి వెళ్ళి చూస్తే పాత సీన్లు, కప్పీలు, స్టేజీ కింద తిప్పే చెక్క యంత్రం అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ప్రధానంగా తాళ్ళు మార్చి, కరెంటు దీపాలు పెట్టి మళ్ళీ ప్రదర్శనలు మొదలుపెట్టారు. కింద ఆ చక్రం తిప్పితే రెండు పక్కల సీన్లూ ఒకేసారి జరిగి క్షణాల్లో అడవి పోయి అంతఃపురం వస్తుంది. దాన్ని కాపాడింది ఎవరూ ముట్టుకోకపోవడమే. పైకప్పు కారకపోతే, చెదలు పట్టకపోతే, పాత థియేటర్‌కు మన ఉత్సాహమే పెద్ద ప్రమాదం. ఈ మాట కమిటీలో అన్నందుకు కొంతమంది నొచ్చుకున్నారు. ఇప్పటికీ నేను అదే అంటాను.

ఉత్సాహంతో చేసిన మరమ్మతుల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది సిమెంటు. మా హాలు గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి. ఎప్పుడో ఒక మరమ్మతులో కింద నుంచి మనిషెత్తు దాకా పాత గిలాబు రాలగొట్టి గట్టిగా ఉంటుందని సిమెంటు పూశారు. నేలలోంచి ఇటుకల్లోకి ఎక్కే తేమ సున్నం పూత ఉన్నప్పుడు దాంట్లోంచే బయటికి ఆరిపోయేది. సిమెంటు దారి మూసేసరికి ఆ తేమ ఇంకా పైకి ఎక్కింది. సిమెంటు ఎక్కడ ఆగిందో సరిగ్గా దాని పైన తెల్లగా ఉప్పు పూసింది. ఆ ఉప్పు ఇటుక రంధ్రాల్లో గడ్డకట్టి లోపలి నుంచి ఇటుకను పిండి చేస్తుంది. వేలు పెట్టి గీకితే ఇటుక ఎర్రటి పొడిగా రాలేది.

మేస్త్రీ ఒక పెద్దాయన. గోడ పొడవునా నడుస్తూ వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "ఇక్కడ బోలమ్మా" అని సుద్దతో గీసేవాడు. రెండు అడుగులు జరిగి మళ్ళీ కొట్టేవాడు. నన్ను కూడా కొట్టమన్నాడు. మొదట్లో నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. వారం తర్వాత తేడా తెలిసింది. గోడను పట్టుకుని ఉన్న గిలాబు పొట్టిగా, మొద్దుగా పలుకుతుంది. వదిలేసిన గిలాబు వెనక చిన్న గది ఉన్నట్టు మోగుతుంది.

సిమెంటు తీశాక గోడను ఆరనివ్వడానికే నెలలు పట్టింది. ఆ తర్వాత నానబెట్టిన సున్నం, ఇసుక కలిపి పలచగా ఒక్కో పొర. ఒక పొర బొటనవేలితో నొక్కితే గుంట పడకుండా, గోటితో గీస్తే గీత పడేలా ఉన్నప్పుడే రెండోది వేయాలి. సున్నం ఆరి గట్టిపడేది కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లమెల్లగా మళ్ళీ సున్నపురాయిగా మారేది. తొందరగా ఎండితే ఆ పని సగంలో ఆగి పగుళ్ళిస్తుంది. అందుకే తడి గోనెలు కప్పి ఉంచాం. కమిటీలో "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడగని సమావేశం లేదు. ఆ టెన్షన్ అంతా ఇంచార్జి మీద పడేది, పాపం ఆయన ఎంతో ఓపికగా మోశాడు.

పైకప్పు సంగతి వేరు. 2013 డిసెంబరు 19న లండన్‌లో అపోలో థియేటర్‌లో ప్రదర్శన నడుస్తుండగా పైకప్పు ప్లాస్టర్‌లో ఒక భాగం ఊడి ప్రేక్షకుల మీద పడింది. డెబ్బై మందికి పైగా గాయపడ్డారు. కింద నుంచి చూస్తే అందంగా కనిపించే ఆ ప్లాస్టర్ పలకలను పైనున్న చెక్కలకు కట్టి ఉంచేది ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డ కట్లు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి చీకిపోయాయి. అది చదివాక నేను, ఇంజనీరు కలిసి మా పైకప్పు మీదికి పాకాం. పలకల మీద బరువు పడకూడదని చెక్క పలక వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, టార్చి పట్టుకుని. కింద ఎంత నగిషీ ఉందో పైన అంత దుమ్ము. దగ్గర్లో ఉన్న ఒక కట్టు పట్టుకుంటే వేళ్ళ మధ్య నలిగి రాలిపోయింది. దాని పక్కది రాయిలా ఉంది. అలా ఒక్కొక్కటీ చూసి, నంబరు రాసి, బలహీనమైన ప్రతిదాని పక్కనా స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో కొత్త కట్టు కట్టించాం. పాతవి తీయలేదు. కొత్తది కొత్తదని ఎవరికైనా తెలియాలి, పాతది పాతదిగానే ఉండాలి.

రంగుల దగ్గర పెద్ద వాదనే జరిగింది. గోడ మీద ఒకచోట బ్లేడుతో మెట్లు మెట్లుగా గీకితే ఏడు పొరలు బయటపడ్డాయి, అన్నిటికంటే అడుగున ముదురు ఆకుపచ్చ. అందరికీ గుర్తున్నదేమో ఎరుపు, అది నాటకాల హాలు సినిమా హాలుగా మారాక వేసినది. మొదటి రంగే అసలు రంగు అన్నారు కొందరు. నేను ఎరుపు పక్షాన నిలబడ్డాను. ఆ ఆకుపచ్చను చూసిన మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు, ఎరుపు గోడల మధ్య కూర్చుని నవ్వినవాళ్ళు, ఏడ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. చివరికి ఎరుపే ఉంచాం. మెట్లుగా గీకిన ఆ అరచేతంత చోటు అలాగే అద్దం కింద వదిలాం. సీలింగ్ బొమ్మలో నీటికి పోయిన ఒక మూలను ఊహించి గీయడానికి నేను ఒప్పుకోలేదు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని, పాత కట్టడాల సంరక్షణ కోసం రాసుకున్న అంతర్జాతీయ నియమావళి 1964 వెనిస్ చార్టర్‌లో ఉంది. ఆ వాక్యం ప్రింటు తీసి సమావేశానికి పట్టుకెళ్ళాను. ఆ మూల ఇప్పుడు ఖాళీగా, చుట్టుపక్కల రంగులోనే మట్టసంగా ఉంది.

సినిమా కాలపు ప్రొజెక్టర్ గదిని కూడా తీసేయమన్నవాళ్ళున్నారు, ఇది నాటకాల హాలు కదా అని. గోడలో చిన్న కిటికీలు, వాటి మీద టపీమని పడే ఇనుప పలకలు ఎందుకున్నాయో వాళ్ళకు చూపించాను. ఆ రోజుల్లో రీళ్ళు నైట్రేట్ ఫిల్మువి. అంటుకుంటే తనకు కావలసిన ఆక్సిజన్ తనే ఇచ్చుకుంటుంది, నీళ్ళలో ముంచినా ఆరదు. మంట గదిలోంచి హాల్లోకి రాకుండా ఆ పలకలు. ఎదురుగా ప్రొజెక్టర్ దీపంలో వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు కాలి తరిగిపోతుంటే వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఆపరేటర్ ఆ గదిలోనే ఆట అయ్యేదాకా నిలబడేవాడు. గది ఉంది, పలకలూ ఉన్నాయి, ఇప్పుడు పిల్లలు వచ్చి చూస్తున్నారు.

మార్చాల్సినవి మార్చాం. తలుపులు లోపలికి తెరుచుకునేవి. 1903 డిసెంబరు 30న చికాగో ఇరోక్వా థియేటర్‌లో మంటలు వచ్చినప్పుడు ఆరు వందల మందికి పైగా చనిపోయారు. తాళం వేసిన తలుపులు, తెరల వెనక దాగి ఎటుందో తెలియని దారులు, లోపలికి తెరుచుకునే రెక్కలు చాలా ప్రాణాలు తీశాయి. వారసత్వం పేరుతో ఆ ప్రమాదాన్ని దాచుకోలేం. అవే పాత తలుపు రెక్కలు, అరచేతుల రాపిడికి మధ్యలో అరిగిన అవే ఇత్తడి పిడులు, కానీ ఇప్పుడు బయటికి తోసుకునేలా తిప్పి బిగించాం.

కుర్చీల దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టాను. మెత్తటి ఫోమ్ కుర్చీలు, నేలంతా కార్పెట్ వేద్దామని ప్రతిపాదన. సౌకర్యం ఎవరికి చేదు? కానీ హాలు పలికే తీరు మారిపోతుంది. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదని, ఎందుకో చూడమని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి చెప్పారు. అన్న మాట అయిదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. ఆయన రాత్రుళ్ళు దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీటు దిండ్లు మోయించి తెచ్చి, ఒక్కొక్కటిగా పెంచుతూ, ఆర్గన్ వాద్యపు గొట్టం మోగించి, శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతోందో గడియారంతో కొలిచేవాడు. తెల్లారేలోగా దిండ్లు మళ్ళీ అక్కడికి చేర్చాలి. హాలు ఎంత పెద్దదో, లోపల శబ్దాన్ని మింగే వస్తువులు ఎన్నో, ఆ రెంటి మీదే ప్రతిధ్వని ఆధారపడుతుందని ఆ దిండ్లతోనే తేల్చాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు ఆ లెక్కే ఆధారం.

మేమూ దిండ్లే తెచ్చాం. అరవై కుర్చీల్లో మందపాటి దిండ్లు, నడిచే దారిలో దుప్పట్లు పరిచాం. ఒక నటుడు మైకు లేకుండా ఒకే సంభాషణ రెండుసార్లు చెప్పాడు, దిండ్లతో, దిండ్లు లేకుండా. కమిటీ మొత్తం చివరి వరసలో కళ్ళు మూసుకుని కూర్చుంది. దిండ్లున్నప్పుడు ప్రతి మాటా వినిపించింది, కానీ దూరం నుంచి, తలుపు అవతలి నుంచి వచ్చినట్టు. తీసేశాక అదే గొంతు మన పక్కకు వచ్చి కూర్చుంది. ఎవరూ ఓటింగ్ అడగలేదు. కూర్చునే చోట పలచటి మెత్త మాత్రం వేయించి, వీపు చెక్క అలాగే ఉంచాం.

తాళ్ళ గురించి నాకు నేర్పినాయన అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి ఎప్పుడో మానేసిన మనిషి. అందరం బాబాయ్ అని పిలుస్తాం. వెల్ల వేసిన గోడ చూడటానికి తీసుకెళ్తే ఆయన ఏమీ అనలేదు. మిగిలిన సగం దగ్గర నిలబడి వేలితో తడిమాడు. నేను పిచ్చిగీత అనుకున్న ఒక వంకర గీత మీద వేలు ఆగింది. నెలవంకలా ఉంది, కింద మూడు అడ్డగీతలు.

"ఇది రాత్రి తెరమ్మా. మూడు బారలు దించాలని."

"మరి అక్షరాలు రాయలేదేం బాబాయ్?"

"నాకంటే ముందున్నాయనకు చదువు రాదు. అన్నీ బొమ్మలే వేసేవాడు. చెట్టు వేస్తే అడవి, గీత కింద చుక్క పెడితే ఆగమని."

ఆ సాయంత్రమే రికార్డర్ పెట్టాను. తర్వాత ఆరు నెలలు వారానికి రెండు రోజులు ఆయన చేతులను వీడియో తీశాం. మేకుకు తాడు చుట్టే పద్ధతి, బరువు దిగుతుంటే అరచెయ్యి కాలకుండా జారవిడిచే తీరు, ఇసుక సంచితో తూకం కుదర్చడం. పాత తాళ్ళు ఇక బరువు మోయలేవు, మనుషుల తలల మీద వాటిని నమ్మకూడదు. కొత్తవి వేశాం. పాతవి చుట్టలు చుట్టి, ఏ మేకుదో చీటీ కట్టి దాచాం.

వెల్ల సంగతి తేల్చింది గోడచిత్రాల మీద పనిచేసే ఒక కన్సర్వేటర్. నీళ్ళతో కడగొద్దంది. ఎవరో వెనిగర్ అన్నారు, అసలే వద్దంది, పుల్లటిదేదైనా వెల్లతో పాటు వెనక గిలాబును కూడా తినేస్తుంది. పెన్సిల్ రాత అంటే గ్రాఫైట్, సున్నం దాన్ని ఏమీ చేయదు, రాత కింద అలాగే ఉంటుంది, మెల్లగా పొర లేపాలి అంతే అంది. టార్చిని గోడ పక్క నుంచి ఏటవాలుగా పెడితే వెల్ల ఉపరితలం మీద సన్నటి ఎగుడుదిగుడులు కనిపించాయి. భూతద్దం, ఆపరేషన్ బ్లేడు. బ్లేడును గోడకు దాదాపు ఆనించి, పొర అంచు కింద దూర్చి, ఊపిరి బిగబట్టి లేపడం. గంటకు అరచేయి వెడల్పు కూడా వచ్చేది కాదు.

కొన్నిచోట్ల పొర గోటికి కూడా లేచివచ్చేది, కొన్నిచోట్ల ఎంతకీ రాదు. కారణం ఏంటని ఆమెను అడిగాను. జిడ్డు ఉన్నచోట వెల్ల పట్టదు అంది. తాడు లాగేవాళ్ళు రెండో చెయ్యి గోడకు ఆన్చి నిలబడతారు. ఏళ్ళ తరబడి అరచేతుల చెమట, జిడ్డు ఎక్కడ అంటిందో అక్కడ పొర తేలిగ్గా ఊడింది. ఆ చోట్లలోనే రాతలు ఎక్కువ. చెయ్యి ఆన్చిన దగ్గరే కదా రాసుకుంటారు.

పందొమ్మిది రోజుల పని తర్వాత వాన వాక్యం బయటపడింది. "బిగుస్తుంది" దగ్గర కొంచెం చెరిగింది, మిగతాదంతా ఉంది. బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చి, అద్దాలు తుడుచుకుని, పైకి చదివాడు. "జానెడు కాదు, బెత్తెడు చాలు" అన్నాడు. అది కూడా రికార్డులో రాశాను, ఆయన అన్నాడని, ఏ తేదీన అన్నాడో.

మూతపడితే ఇక అంతే అనేవాళ్ళకు నేను ముంబై రాయల్ ఒపెరా హౌస్ పేరు చెబుతుంటాను. 1993లో మూసేసింది 2016లో మళ్ళీ తెరుచుకుంది. మాదీ తెరుచుకుంది. మొదటి ప్రదర్శన రోజు హాలు నిండింది, నేను స్టేజీ ఎడమ పక్కన గోడ దగ్గరే ఉన్నాను. బాబాయ్ నేర్పిన ఇద్దరు కుర్రాళ్ళు తాళ్ళ దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు వెల్ల వేసిన రోజు బ్రష్ పట్టుకున్నవాడే. నెలవంక గుర్తు చూసుకుని మూడు బారలు వదిలాడు. రాత్రి తెర నేలకు ఆనింది.

గోడ పైభాగంలో రెండు అడుగుల మేర వెల్ల ఇంకా ఉంది. దాని గురించి అడిగేవాళ్ళకు రికార్డులో ఆ పేజీ చూపిస్తాను. "ఎడమ గోడ, పైభాగం. వెల్ల తీయలేదు. కింద రాతలు ఉన్నట్టు ఏటవాలు వెలుతురులో కనిపిస్తోంది, కనీసం నాలుగు వరసలు. వెనక గిలాబు బోలుగా ఉంది, బ్లేడు ఒత్తిడికి ఆగదు. ఇంతకంటే మంచి పద్ధతి వచ్చేదాకా ముట్టుకోకూడదు."